చక్రాల ఇంట్లో మూడు తెరలు

"వచ్చిందా?"

"రాలేదు."

"ఇప్పుడో?"

"ఇందాక వచ్చినట్టే వచ్చి పోయింది!"

ఈ సంభాషణ ఎక్కడో విన్నట్టుందే అని పాఠకులకు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. 1987, 88 ప్రాంతాల్లో ఆదివారం ఉదయం రామాయణం మొదలయ్యే వేళకు మన ఊళ్ళలో ప్రతి డాబా మీదనుంచీ ఇదే పాట వినిపించేది. మేడమీద ఒకరు యాంటెన్నా గొట్టాన్ని తిప్పుతూ ఉంటే, మెట్ల మీద ఒకరు నిలబడి లోపలి కబురు పైకీ పై కబురు లోపలికీ అందించేవారు. మా ఇంట్లో ఆ మెట్లమీద ఉద్యోగం నాదే. ముప్ఫయి అయిదేళ్ళ తర్వాత అదే ఉద్యోగం మళ్ళీ చేస్తాననీ, అదీ అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రపు అడవిలో చేస్తాననీ ఎన్నడూ అనుకోలేదు.

2022 జూలైలో సెలవు పెట్టి మా అక్కయ్య వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళుండేది ఫీనిక్స్ నగరం. మన రామగుండం వేసవిని ఎరిగిన వాళ్ళకు కూడా ఆ ఊరి ఎండ కొత్త పాఠం నేర్పుతుంది. తలుపు తీస్తే పెనంమీది వేడి మొహాన కొడుతుంది. అందుచేత శుక్రవారం వచ్చేసరికి ఊళ్ళో సగంమంది ఉత్తరంగా కొండలెక్కి ఫ్లాగ్‌స్టాఫ్ వైపు పోతారు. అది ఏడువేల అడుగుల ఎత్తున, పాండరోసా అనే పొడుగాటి దేవదారు జాతి చెట్ల మధ్య ఉన్న ఊరు. మా బావగారూ అట్లాగే పోతారు. ఇల్లు వెంటబెట్టుకుని మరీ పోతారు.

ఆ ఇంటినే అక్కడ ఆర్‌వీ అంటారు. లారీ ముందుభాగానికి మన చిన్న బస్సంత గది తగిలించినట్టుంటుంది. లోపల పొయ్యి, చల్లపెట్టె, స్నానాల గది, ఆరుగురు పడుకునే ఏర్పాటు. ఆగిన తర్వాత ఒక మీట నొక్కితే గోడ ఒకటి సొరుగులాగా బయటికి జరిగి హాలు రెండింతలవుతుంది. ఇండియానా రాష్ట్రంలో ఎల్‌ఖార్ట్ అనే ఊరు ఈ బళ్ళ తయారీకి పెట్టింది పేరు. 1969లో చంద్రుడి మీదనుంచి తిరిగివచ్చిన ముగ్గురినీ, అక్కడి క్రిములేవైనా అంటుకున్నాయేమోనని, ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ వాళ్ళ ఇలాంటి బండినే మార్చి అందులో బంధించి ఉంచారు. నింగికి వెళ్ళి వచ్చినవాళ్ళకు నేలమీద మొదటి మజిలీ ఒక చక్రాల ఇల్లయిందన్నమాట.

మా బావగారి బండి పాతది, ఇంకొకరి చేతినుంచి కొన్నది. అందులో మూడు టెలివిజన్లున్నాయి. హాల్లో ఒకటి, వెనక పడకగదిలో ఒకటి, మూడోది బండికి వెలుపల పక్కనున్న చిన్న అరలో. పందిరి గుడ్డ లాగి దాని కింద కుర్చీలు వేసుకుని ఆరుబయట చూడడానికి అది. "అడవికి పోయి టీవీ చూడడమేమిటి బావగారూ?" అని అడిగాను. ఆయన నావంక జాలిగా చూసి, "మాష్టారూ, నీకు పిల్లలింకా చిన్నవాళ్ళు. పధ్నాలుగేళ్ళ వాడినీ పదిహేడేళ్ళ దాన్నీ మూడు రోజులు అడవికి రమ్మని చూడు, తెలుస్తుంది" అన్నారు.

అదీ అసలు సంగతి. మేనల్లుడికి బేస్‌బాల్ లేకపోతే ప్రాణం పోతుంది. మేనకోడలికి సినిమా. ఇక బావగారి తల్లి, మా అత్తయ్యగారు. డెబ్భయి ఆరేళ్ళ మనిషి. మామగారు పోయాక ఆమెను ఇక్కడికి తీసుకువచ్చారు. పాలమూరు జిల్లా మెట్ట పల్లెనుంచి వచ్చిన ఆవిడకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఆవిడ చూసేది ఒక్క ఇంగ్లీషు చానలే, రాత్రింబవళ్ళు వాతావరణం చెప్పే చానల్. దేశపటం మీద ఆకుపచ్చగా, పసుపుపచ్చగా, ఎర్రగా మేఘాలు కదులుతూ ఉంటే కన్నార్పకుండా చూస్తుంది. "గా ఎర్రది పడ్డకాడ చెర్వులు నిండుతయి బిడ్డా" అని నాకు వివరించింది కూడా. ఏళ్ళ తరబడి మొగులుకేసి చూస్తూ వ్యవసాయం చేసిన మనిషికి అంతకన్న మంచి వినోదం ఇంకేముంటుంది?

ముగ్గురికి మూడు రుచులు. మూడు తెరలున్నాయి. పైన ఉపగ్రహం ఉంది. ఇక చిక్కేమిటని నేను అనుకున్నాను. చిక్కంతా అక్కడే ఉందిట.

ఉపగ్రహాన్ని గురించి ఒక ముక్క చెప్పాలి. భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఏ వస్తువునైనా తిప్పితే అది భూమితో సమానంగా రోజుకొక్క చుట్టు తిరుగుతుంది. కనుక కిందనుంచి చూసే మనకు అది ఆకాశంలో ఒకేచోట మేకు కొట్టినట్టు కనిపిస్తుంది. అటువంటివి మూడుంటే ప్రపంచమంతా వార్తలు పంపవచ్చునని ఆర్థర్ క్లార్క్ 1945లోనే ఒక ఇంగ్లండు పత్రికలో రాశాడు. ఆ మేకుకు గురిపెట్టిన పళ్ళెమే డిష్. పళ్ళెం పోగుచేసిన తరంగాలు దాని ముందు కొమ్ముకున్న చిన్న డబ్బాలో పడతాయి. ఎల్‌ఎన్‌బి అనే ఆ డబ్బా వాటిని బలపరచి, వైరులో నడవగలిగే తక్కువ స్థాయికి దించి, లోపలి పెట్టెకు పంపుతుంది.

ఇంట్లో మామూలు యాంటెన్నాకు రెండు టీవీలు కలపాలంటే ఏం చేస్తాం? అంగట్లో దొరికే చీలిక బిళ్ళ ఒకటి తెచ్చి వైరును రెండు చేస్తాం. బావగారూ అంతకు ముందు సంవత్సరం అదే చేశారట. ఒక గదిలో బొమ్మ వస్తే రెండో గదిలో పోయేది. కారణమేమిటంటే, ఉపగ్రహం తన చానళ్ళను రెండు గుంపులుగా చేసి పంపుతుంది. ఒక గుంపు తరంగాలు కుడివైపు మెలితిరుగుతూ దిగుతాయి, రెండో గుంపువి ఎడమవైపు. పాత తరహా డబ్బా ఒక్కసారికి ఒక్క గుంపునే అందుకుంటుంది. ఏది కావాలో లోపలి పెట్టె దానికి అదే వైరు మీద కరెంటు రూపంలో చెబుతుంది. 13 వోల్టులు పంపితే కుడిది, 18 వోల్టులు పంపితే ఎడమది. ఇప్పుడు ఒకే వైరుకు రెండు పెట్టెలు తగిలించామనుకోండి. ఒకటి 13 అంటుంది, ఇంకొకటి 18 అంటుంది. బావికి ఒకటే చేద ఉండి ఇద్దరు చెరొక వైపునుంచీ లాగినట్టుంటుంది. నీళ్ళు ఎవరికీ దక్కవు.

దీనికి విరుగుడు లేకపోలేదు. డబ్బాలోనే రెండో నాలుగో ద్వారాలుండి, ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క వైరు విడిగా వెళ్ళేవి ఉన్నాయి. ఎవరి చేద వారికన్నమాట. అయితే ఇల్లు కదిలేది గదా, ఆగిన ప్రతిచోటా దిగి డిష్‌ను గురి చూడడం కష్టమని బావగారు ఇంకొక దారి తొక్కారు. బండి కప్పు మీద బోర్లించిన కుండలాంటిది ఒకటి బిగించారు. దాని లోపల చిన్న డిష్ మోటారు మీద తిరుగుతూ తనంతట తానే ఉపగ్రహాన్ని వెతుక్కుంటుంది. మీట నొక్కి కాఫీ తాగి వచ్చేలోగా బొమ్మ సిద్ధం. దానికి రెండు వైర్లు కూడా ఉన్నాయి. ఇంకేం, పండగే అనుకున్నారట.

పండగ మొదటి సాయంత్రమే ముగిసింది. చానళ్ళన్నీ ఒక ఉపగ్రహంలో లేవు. ఆ కంపెనీకి పడమటి ఆకాశంలో 110, 119, 129 డిగ్రీల రేఖాంశాల దగ్గర మూడు మజిలీలున్నాయి. కొన్ని చానళ్ళు ఇక్కడ, కొన్ని అక్కడ. ఇంటి మీదుండే పెద్ద డిష్‌కు మూడు కళ్ళుంటాయి, ఒకేసారి మూడింటినీ చూస్తుంది. కుండలోని బుల్లి డిష్‌కు ఒంటికన్ను. ఒకసారికి ఒక దిక్కే చూస్తుంది. ఎటు చూడాలో నిర్ణయించే అధికారం రెండు పెట్టెల్లో మొదటిదానికే ఉంటుంది. మేనల్లుడు హాల్లో ఆటకోసం చానల్ మార్చగానే పైన కుండలో గుర్రుమని చప్పుడై డిష్ పక్కకు తిరిగేది. వెనకగదిలో అత్తయ్యగారి మేఘాలు మాయమయ్యేవి. ఆవిడ కేక పెడితే బావగారు వెళ్ళి మళ్ళీ ఇటు తిప్పేవారు. ఆట పోయేది. మా అక్కయ్య ఈ ఘట్టాన్ని వర్ణిస్తుంటే కడుపు పట్టుకుని నవ్వాను గాని, ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఆ కుండ ఖరీదుతో నేను రెండుసార్లు మన ఊరు వచ్చి వెళ్ళేదాన్నిరా తమ్ముడూ" అన్నది.

కనుక నేను వెళ్ళేసరికి బావగారు మూడో ప్రయత్నంలో ఉన్నారు. మూడు కాళ్ళ పీట మీద నిలబెట్టే మూడుకళ్ళ డిష్ ఒకటి, దానితోబాటు కొత్త పద్ధతి పెట్టెలూ తెచ్చారు. ఈ పద్ధతి ముచ్చటగా ఉంది. 2012లో డిష్ కంపెనీ వాళ్ళు తెచ్చిన ఈ పెద్దపెట్టెకు హాపర్ అనీ, పిల్లపెట్టెలకు జోయీలనీ పేర్లు. జోయీ అంటే కంగారూ పిల్ల. పైనున్న ఉపగ్రహాలతో మాట్లాడే పని తల్లిదే. ఒకేసారి అనేక చానళ్ళను అదే అందుకుని, ఇంటిలోపలి వైరు మీదుగా పిల్లలకు పంచిపెడుతుంది. పిల్లలకు ఆకాశంతో నిమిత్తం లేదు. కనుక ఒకరు చానల్ మారిస్తే ఇంకొకరికి పోవడమన్నది ఉండదు.

అయితే బండి గోడల్లో వెనకటి యజమాని కాలంనాటి సన్నని వైరు ఉంది. మామూలు యాంటెన్నాకు అది చాలును గాని, ఉపగ్రహపు డబ్బానుంచి వచ్చే ఎక్కువ పౌనఃపున్యాలు అందులో దారిలోనే నీరుకారిపోతాయి. పైగా గోడలో మీటతో ఉన్న చిన్న బిళ్ళ ఒకటి, గాలియాంటెన్నాను బలపరిచేది, ఉపగ్రహపు వైరుకు అడ్డుగోడలా నిలుస్తుందిట. దాన్ని తప్పించి, ఆర్‌జి-6 రకం లావుపాటి వైరు కొత్తగా లాగాలి. ఫీనిక్స్ ఎండలో, ఇంటిముందు నిలబెట్టిన బండిలో, మంచాల కిందా అలమరల వెనకా దూరి బావా బామ్మర్దులం రెండు రోజులు ఆ పని చేశాం. తెలుగు ఎం.ఏ.లో ఛందస్సు చెప్పారు గాని వైరు కొసకు పిన్ను బిగించడం చెప్పలేదు. పది పిన్నులు బిగిస్తే నావి నాలుగు ఊడివచ్చాయి.

ఆ రెండో రోజు మధ్యాహ్నమే, మంచం కింద పడుకుని వైరు లాగుతూ, బావగారు నాకొక సంగతి చెప్పారు. ఆయనకు ఆరేళ్ళప్పుడు వాళ్ళ పల్లెకు టెలివిజన్ వచ్చిందట. హైదరాబాదులోనే టీవీ లేని రోజుల్లో పాలమూరు పల్లెకు ఎట్లా వచ్చిందంటే, అది సైట్ అనే ప్రయోగం. అమెరికావాళ్ళ ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఆఫ్రికాకు ఎగువన నిలిపి, 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరం పాటు మన దేశానికి వాడుకోనిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో, చాలాచోట్ల బడి దగ్గర, సెట్లు పెట్టారు. కోళ్ళగూటికి వాడే ఇనుప వలతో పది అడుగుల గొడుగు తయారుచేసి వాటికి తగిలించారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు, వ్యవసాయం, ఆరోగ్యం, ఆటపాటలు. ఊరంతటికీ ఒక్క తెర.

"అమ్మ ఒళ్ళో కూర్చుని చూసేవాణ్ణి" అన్నారు బావగారు. "మరుసటేడు జూలై ఆఖరు రోజున ఆపేశారు. గడువు తీరిందని ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుపోయారు. నాకప్పుడేం తెలుసు? పెట్టె చెడిపోయిందనుకున్నా. బడినుంచి వస్తూ రోజూ ఆ గొడుగు చుట్టూ తిరిగి, వైరు ఎక్కడ తెగిందా అని వెతికేవాణ్ణి."

ఆయన విద్యుత్ ఇంజనీరు ఎందుకయ్యారో నాకు తెలిసింది. ఆ కుండకోసం అక్కయ్యతో ఎందుకు తగువు పడ్డారో కూడా కొంత తెలిసింది. సాయంత్రం ఇదే మాట అత్తయ్యగారిని అడిగితే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఏడాది సూపిచ్చి గుంజుకపోయిన్రు బిడ్డా. మొగులు మీదికెల్లి వచ్చేదాన్ని నమ్ముకోవద్దు."

శుక్రవారం బయలుదేరాం. ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టూ ఉన్న కొకొనీనో జాతీయారణ్యంలో చాలాచోట్ల పద్నాలుగు రోజుల దాకా పైసా చెల్లించకుండా ఎవరైనా బండి ఆపుకోవచ్చు. కరెంటు, నీళ్ళు మాత్రం ఉండవు. ఎవరివి వారే తెచ్చుకోవాలి. ఫోను కూడా మేమాగినచోట పలకలేదు. మట్టిరోడ్డు పక్కన ఎత్తైన మిట్ట మీద, చెట్ల నీడలో, మొదట బండి ఆపారు. చల్లగా, హాయిగా ఉంది. కాని డిష్‌కు నీడ పనికిరాదు. ఒక్క కొమ్మ అడ్డం వచ్చినా, ఆకులో తడి ఉంటే ఇంకానూ, తరంగాలు ఆగిపోతాయి. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి చూస్తే ఆ మూడు ఉపగ్రహాలూ దక్షిణంనుంచి నైరుతికి వాలుతూ, నేలకు 45 మొదలు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాయి. ఆ దిక్కున తొంభై అడుగుల చెట్లు బారులు తీరి ఉన్నాయి. తూర్పు ఆకాశంలో ఇంకొక మజిలీ 61.5 డిగ్రీల దగ్గర ఉంది గాని, ఇక్కడికి అది 24 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది. చెట్లలో దానికి ఇంకా ఆశ లేదు.

బావగారు నాలుగు దిక్కులా నడిచి వచ్చి, "కింద బ్రహ్మాండమైన చోటుంది. ఆకాశం అద్దంలాగా ఉంది" అన్నారు. మూడువందల గజాల దిగువన, ఎండిన వాగు ఒడ్డున, ఇసుక పరచుకున్న మైదానం. నైరుతిన మైలున్నర అవతల ఒక కొండ, ఏనాడో కార్చిచ్చుకు తగలబడి బోడిగా ఉంది. అడ్డు చెట్టన్నది లేదు.

బండి కిందికి దించబోతుంటే అత్తయ్యగారు సీటులోనుంచే అడిగింది. "వాగుల పండుకుంటరా ఎవరన్న?"

"వాగు కాదమ్మా, ఒడ్డు. చుక్క నీళ్ళు లేవు చూడు" అన్నారు బావగారు.

"నీళ్ళు లేవు గని, నీళ్ళు కోసిన గట్టు ఉన్నది."

అక్కయ్య ఏదో అనబోయి నన్ను చూసి ఊరుకుంది. పిల్లలు అప్పటికే కిందికి పరుగెత్తారు. మూడు తెరలకోసం వచ్చాం గదా, మూడు తెరలున్నచోటికే పోయాం.

డిష్ నిలబెట్టడం గంటన్నర పట్టింది. ఆ పాపంలో ముప్పాతిక వంతు నాది. 119 డిగ్రీల ఉపగ్రహానికి గురి 193 డిగ్రీల దిక్కున అని బావగారి కాగితంలో ఉంది. నేను దిక్సూచి పట్టుకుని సరిగ్గా 193 చూపించాను. ఎంత వెతికినా సంకేతం లేదు. చివరకు తేలిందేమంటే దిక్సూచి చూపేది అయస్కాంతపు ఉత్తరం. కాగితంలో ఉన్నది అసలు ఉత్తరం. ఆ ప్రాంతంలో రెంటికీ దాదాపు పది డిగ్రీల తేడా. డిష్ గురి రెండు మూడు డిగ్రీలు తప్పితేనే బొమ్మ రాదు, నేను పది తప్పించాను! ఆ తర్వాత పళ్ళేన్ని కొంచెం పక్కకు ఒరగబెట్టాలి, ఎందుకంటే మూడు ఉపగ్రహాలూ వంగిన వరుసలో ఉన్నాయి, మూడు కళ్ళూ ఆ వంపుకు సరిపోవాలి. "వచ్చిందా?" "రాలేదు" పాట అప్పుడు పాడిందే. ఆఖరికి మూడు గొంతులు ఒకేసారి "వచ్చింది!" అన్నాయి. గాలికి పడిపోకుండా పీట మధ్యన నీళ్ళడబ్బా వేలాడదీశాం.

ఆ రాత్రి నిజంగా బాగుంది. బయట పందిరి కింద మేనల్లుడికి ఆట, హాల్లో అమ్మాయికి సినిమా, లోపల అత్తయ్యగారికి మేఘాలు. బావగారు ఏదీ చూడలేదు. ఒక తెర దగ్గరనుంచి ఇంకో తెర దగ్గరికి తిరుగుతూ, బొమ్మను కాదు, బొమ్మ నిలకడగా ఉండడాన్ని చూసుకుంటున్నారు. బ్యాటరీలు ఎంతసేపు ఆగుతాయో లెక్క వేసి, జనరేటరు కాసేపు నడిపి, పదిన్నరకు కట్టేశారు.

మర్నాడు శనివారం. అక్కడా రుతుపవనం ఉంది, వాళ్ళూ ఆ మాటే అంటారు. జూన్ మధ్యనుంచి సెప్టెంబరు ఆఖరు దాకా, పొద్దున ఆకాశం నిర్మలంగా ఉండి, మధ్యాహ్నానికి కొండల మీద మబ్బు పేరుకుని, ఒక్కచోట కుండపోతగా కొట్టి పోతుంది. పక్క కొండకు చుక్క ఉండదు. కాలిన కొండల మీద ఈ వాన మరీ ప్రమాదం. ఆకులూ వేళ్ళూ పోయిన నేల నీటిని పీల్చుకోదు, పెంకులాగా జారవిడుస్తుంది. ఫ్లాగ్‌స్టాఫ్ పక్కనే 2010 జూన్‌లో షుల్ట్జ్ కార్చిచ్చు, నెల తిరక్కుండా దాని వెంటే వరద వచ్చాయి. మేము వెళ్ళిన 2022 జూన్‌లోనే పైప్‌లైన్ అనే ఇంకొక కార్చిచ్చు రేగింది. ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. శనివారం మూడు గంటలకు నాకు తెలిసిందల్లా పులిహోర బాగా కుదిరిందన్నదే.

మూడున్నరకు మూడు తెరలూ ఒక్కసారి ఆగిపోయాయి.

ముందు బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి, తర్వాత నల్లబడింది. మా నెత్తిన ఎండ కాస్తోంది. ఒక్క చినుకు లేదు. బావగారు "పీట కదిలింది" అని దిక్సూచి తెమ్మంటూ పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. పీట కదలలేదు. పళ్ళెం చూస్తున్న దిక్కుకేసి తలెత్తి చూశాను. నైరుతి కొండమీద మబ్బు సిరాబుడ్డి ఒలికినట్టుంది, దాని కిందనుంచి కొండ కనిపించడంలేదు.

ఉపగ్రహపు తరంగం పొడుగు రెండున్నర సెంటీమీటర్లు. పెద్ద వానచినుకులు దాన్ని కొంత మింగి, కొంత చెదరగొడతాయి. మా డిష్ చూపు ఆ కొండవాన గుండా ఏటవాలుగా పైకి పోతోంది. వాన మా మీద పడకపోయినా మా చూపు మీద పడిందన్నమాట. ఆ కొండ నీళ్ళన్నీ దిగే దారి మా పక్కనున్న వాగే.

అత్తయ్యగారు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. "నా తెరల ఎర్రది వచ్చింది, పోయింది. గాలి సల్లగ కొడుతున్నది. నడువుండ్రి" అన్నది.

బావగారు, "రెండు నిమిషాలమ్మా, సిగ్నల్ వస్తే అసలేం జరుగుతోందో చూద్దాం" అన్నారు. ఈ ఒక్క మాటకు ఆయన్ను ఈనాటికీ అక్కయ్య వదిలిపెట్టలేదు. ఆవిడ సామాన్లలోనుంచి చేతిలో పట్టేంత రేడియో ఒకటి తీసింది. అమెరికా ప్రభుత్వ వాతావరణశాఖ 162 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఏడు తరంగాల మీద రాత్రింబవళ్ళు హెచ్చరికలు చదువుతుంది. దానికోసమే చేసిన రేడియోలివి. ఉపగ్రహంతో పని లేదు, చందా లేదు, బొమ్మ లేదు. బ్యాటరీ ఉంటే చాలు. మీట తిప్పగానే ముక్కుతో మాట్లాడే యంత్రపు గొంతు ఒకటి ఆకస్మిక వరద హెచ్చరిక చదువుతోంది. జిల్లా పేరు వచ్చింది. వెంటనే ఎత్తుకు పొండన్నది.

చక్రాల ఇల్లయినా, ఇల్లు ఇల్లే. తాళం తిప్పగానే కదలదు. బయటికి జరిగిన గోడ లోపలికి రావాలి. పందిరి చుట్టాలి. బండిని నిలబెట్టిన నాలుగు ఇనుప కాళ్ళూ పైకి లేవాలి. మేనల్లుడు కుర్చీలు విసిరేశాడు. అమ్మాయి అత్తయ్యగారిని కూర్చోబెట్టి పట్టీ కట్టింది. నేను పందిరి చుడుతున్నాను, చేతులు వణుకుతున్నాయి. బావగారు డిష్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వైరు మర విప్పుతున్నారు.

"డిష్షా, మేమా?" అన్నది అక్కయ్య. గట్టిగా కూడా అనలేదు.

ఆయన వైరు వదిలేసి వచ్చి బండి ఎక్కారు. వైరు తెంపుకునే బయలుదేరాం. ఇసుకలో వెనక చక్రాలు ఒకసారి తిరిగినచోటే తిరిగాయి. ఆ క్షణం ఎంతసేపో నేను చెప్పలేను. తర్వాత పట్టు దొరికి మిట్ట ఎక్కాం.

పావుగంటయింది. బండి దిగి చూస్తున్నాం. మొదట చప్పుడు వచ్చింది, దూరాన లారీ దుంగలు దింపుతున్నట్టు. తర్వాత వాగు మలుపులో నల్లటి గోడ ఒకటి కనిపించింది. నీళ్ళనడానికి లేదు. బూడిద, బురద, కాలిన మానులు కలిసి మరుగుతూ వచ్చాయి. మేము పులిహోర తిన్నచోటు మీదుగా పోయాయి. జానెడు లోతున్న పరుగునీరు పెద్దమనిషిని పడగొడుతుంది; రెండడుగులుంటే చాలావరకు బళ్ళను ఎత్తుకుపోతుంది. మర్నాడు ఒడ్డుచెట్టు మీద బురదగీత కొలిస్తే నాకు మోకాలి పైకి వచ్చింది.

ఆ రాత్రి వాన మామీద కూడా కురిసింది. తెర ఒక్కటీ లేదు. మేనల్లుడు రేడియో వింటూ పడుకున్నాడు. అత్తయ్యగారు, పాలమూరు వాగులో తన చిన్నతనంలో కొట్టుకుపోయిన ఎడ్లబండి కథ చెప్పింది. అమ్మాయికి తెలుగు సగమే అర్థమవుతుంది, నేను మధ్యలో అందిస్తూ వచ్చాను. బావగారు ఒక్కరే పలకలేదు. అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే, కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు.

"మాష్టారూ, అమ్మ గట్టు చూసి చెప్పింది. నేను ఆకాశం చూశాను" అన్నారు. నాకేం చెప్పాలో తోచలేదు. పడుకోమన్నాను.

ఆదివారం నీరు తీశాక కిందికి దిగి వెతికాం. అరమైలు దిగువన దుంగల కుప్పలో పీట కాలు ఒకటి, వంకరపోయి దొరికింది. నీళ్ళడబ్బా ఇంకా దానికి వేలాడుతూనే ఉంది! పళ్ళెం మాత్రం కనిపించలేదు. పెట్టెలు బండిలోనే ఉండడంచేత బతికాయి.

ఫీనిక్స్ చేరాక నాలుగు రోజులు ఆ ప్రసక్తి ఎవరూ తేలేదు. అయిదో రోజు ఇంటిముందు పెద్ద అట్టపెట్టె దిగింది. అక్కయ్య వంటింట్లోనుంచి చూసి మాట్లాడకుండా లోపలికి పోయింది. బావగారు నావంక చూశారు. నేను ఆకాశంవంక చూశాను. అత్తయ్యగారే కర్ర ఆనించుకుంటూ వచ్చి, పెట్టె మీద చెయ్యి వేసి, "నా మొగుల్లు మల్ల వస్తయా బిడ్డా?" అన్నది.

"వస్తాయమ్మా."

"ఈసారి మిట్ట మీదనే పెట్టు. చెట్టు అడ్డమొస్తే నేను రేడియో ఇంట తియ్యి."